ఓబులేసు బీఫ్ చిల్లీకి నా నాలుక

జూలైలో, మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి, కువైట్‌లో జహ్రా ఊరి అవతల ఎడారిలో విదేశీ సైనికుల శిబిరం గేటు ముందు బస్సు నన్ను దించింది. ఎండ యాభై డిగ్రీలు. నేను దిగాను గానీ నా నీడ దిగనంది. సీటు కిందే నక్కి, తిరుగు బస్సులో జహ్రాకు వెళ్ళిపోయింది. నమ్మకపోతే మానండి.

పదిహేడేళ్ళు మన సైన్యంలో మెషిన్ గన్ మోసినవాణ్ణి. ఇక్కడ నాకిచ్చిన ఆయుధాలు ఒక ఏప్రన్, ఒక జత బూట్లు, ఒక వాకీటాకీ, సామాన్ల గది తాళాలు. కాంట్రాక్టు రెండేళ్ళు. డ్యూటీ తెల్లవారి నాలుగున్నరకు.

వంటగదిలో మరో తెలుగువాడు ఓబులేసు, మా రాయచోటి పక్కవాడే. ఏడాది గిన్నెలు తోమి అప్పుడే వంటవాడయ్యాడు. వాడికి అప్పగించింది శుక్రవారం బీఫ్ చిల్లీ. కోడినైనా పొట్టేలునైనా లాగించేస్తాడు గానీ గొడ్డు మాంసం నోట పెట్టడు.

వాడి పద్ధతి వాడిది. ఎండుమిరపకాయలు నానబెట్టి రుబ్బుతాడు. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, టమోటాలతో ఆ ముద్దను నూనె తేలేదాకా వేయించి, అప్పుడు రుచి చూస్తాడు. ఆ తర్వాతే మాంసం, రాజ్మా పడతాయి. రెండు గంటల సన్నసెగ. చివరి ఉప్పు నేను చెప్పాలి.

"మస్తానన్నా, ఎట్లుంది?"

"దీన్ని యుద్ధంలో వాడితే శత్రువు చెమటలోనే కొట్టుకుపోతాడు రా."

"నీ కతలు తర్వాత. ఉప్పు సంగతి చెప్పన్నా."

ఒక శుక్రవారం పదకొండూ పదికి వాకీటాకీలో ఫోర్‌మన్ గొంతు: "మస్తాన్, మెస్ సార్జెంట్ తనిఖీకి వచ్చాడు. కొత్త ఆర్డరు. ఎవరు వండింది వాళ్ళే ఆయన ముందు తినాలి. తినకపోతే వంట ఖలాస్, మళ్ళీ గిన్నెలే. యల్లా, త్వరగా రా!"

సామాన్ల గది నుంచి వంటగదికి రెండు వందల గజాలు. ఇసుకగాలి. పరుగెత్తాను. నేను చేరేసరికి సార్జెంట్ చెంచా చాచి ఉన్నాడు.

"తినలేను సార్," అంటున్నాడు ఓబులేసు.

"తను తిననిది మావాళ్ళకు పెడతాడా?" అన్నాడు సార్జెంట్. న్యాయమైన ప్రశ్నే.

వచ్చీరాని ఇంగ్లిషులో అందుకున్నాను. "సార్, మెషిన్ గన్‌కు ఇద్దరుంటారు. నంబర్ వన్ కాలుస్తాడు. గుండు ఎక్కడ పడిందో నంబర్ టూ చూసి చెబుతాడు. ఇతను నంబర్ వన్. దేవుడి మీద భయంతో ఇది తినడు. ప్రతి శుక్రవారం తినేది నేను, నంబర్ టూ."

సార్జెంట్ నన్ను కిందికీ పైకీ చూశాడు. చెంచా నా వైపు తిప్పాడు. "అయితే నువ్వు చెప్పు."

తిన్నాను. ఉప్పు తక్కువ. బాగుందంటే ఆ క్షణానికి గండం గడుస్తుంది. మరుక్షణం ఆయనా తింటాడు. జీవితమంతా కోతలు కోసిన నోటికి నిజం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

"ఉప్పు తక్కువ సార్. ఒక గుప్పెడు."

ఓబులేసు గుప్పెడు ఉప్పు వేసి కలిపాడు. సార్జెంట్ తిన్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకాస్త వెయ్యమని గిన్నె చాచాడు.

"వీళ్ళిద్దరినీ ఒకే షిఫ్టులో ఉంచు," అన్నాడు ఫోర్‌మన్‌తో.

కాంట్రాక్టు ముగిశాక రాయచోటికి వచ్చేశాను. ఓబులేసు అక్కడే ఉన్నాడు, వంటవాడిగానే. ఇక్కడ ఎవరైనా కువైట్ కబుర్లు అడిగితే, ఒంటె నా బెల్టు మింగిన కథ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ బెల్టు ఒక జానెడు పెరుగుతుంది.

ఒక్కటి మాత్రం చెప్పను. ఆ రోజు చెంచా నా నోట్లో ఉండగా, ఓబులేసు సార్జెంట్ వైపు చూడలేదు. గరిటె గుండెకు ఆనించుకుని, నా గొంతు కేసే చూస్తూ, నేను మింగినప్పుడు తనూ ఉత్త గుటక వేశాడు.