దారంతో తీసిన కొలతలు

నా చిన్నప్పుడు నేను చెప్పిన ఒక నిజం వల్ల ఒక తల్లి వీధిన పడబోయింది. అబద్ధం కాదు, నిజమే. అందుకే ఆ సంగతి తలచుకుంటే ఈ వయసులో కూడా కుదురుగా కూర్చోలేను.

అప్పుడు పటాన్‌చెరులో మా పక్క గదిలో ఒక చైనా ఆమె కిరాయికి ఉండేది. పిల్లలం చీనమ్మ అనేవాళ్లం. భర్త పళ్లు కట్టే పని చేసేవాడు. ఇక్కడ నిలదొక్కుకున్నాక తెచ్చుకుందామని, నాలుగేళ్ల కూతుర్ని కలకత్తాలో నానమ్మ దగ్గర వదిలి వచ్చారట. నాలుగేళ్ల తర్వాత పిల్లను తీసుకురావడానికి ఆయన రైలెక్కాడు. అంతలో చైనాతో యుద్ధం వచ్చింది. అక్కడ ఆయనను కదలనివ్వలేదు. ఇక్కడ ఈమెకు ఊరు దాటడానికి కాగితం ఇవ్వలేదు. పదిహేనేళ్లప్పుడు ఓడెక్కి ఈ దేశం వచ్చిన మనిషికి ఆ యుద్ధంతో ఏం సంబంధమో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. చాలా ఏళ్లకు, పాత పుస్తకాలు కొనుక్కుని చదువుతుంటే తెలిసింది, అట్లా చీలిపోయిన ఇల్లు ఆమెది ఒక్కటే కాదని.

ఆమె మిషన్ మీద రవికెలు కుట్టేది. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే కుట్టు మధ్యలోనే ఆపి వాకిట్లోకి వచ్చేది.

నెలకొకసారి నన్ను పిలిచేది. గోడకు ఆనించి నిలబెట్టి, మెడ నుంచి మడమ దాకా దారం పట్టి, నడుము దగ్గర ఒక ముడి, మోకాలి దగ్గర ఒక ముడి వేసేది. ఒక పుస్తకంలో తన అక్షరాల్లో ఏదో రాసుకునేది. తర్వాత గుప్పెడు పల్లీలు పెట్టేది. ఎందుకని నేను అడగలేదు. పల్లీలు దొరుకుతున్నాయి కదా.

ఆ రోజుల్లోనే ఊరి పక్క ఒక పెద్ద ఫ్యాక్టరీకి పునాదులు తవ్వుతున్నారు. పునాది నిలవాలంటే పిల్లలను బలి ఇస్తారని, పట్టుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పుకారు. చదువుకున్నవాళ్లు కూడా నమ్మి పిల్లలను లోపల పెట్టి గొళ్లెం వేశారు. ఆ తెలివితక్కువతనం మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

బడిలో గొప్పలు చెప్పుకునే వేళ నా దగ్గర చెప్పుకోవడానికి చీనమ్మ ఉంది. నన్ను దారంతో కొలుస్తుందని, ముడులు వేస్తుందని, చైనా అక్షరాల్లో ఏదో రాసుకుంటుందని చెప్పాను. ఒక్క ముక్క కల్పించలేదు. సాయంత్రానికి ఆ మాట ఇల్లిల్లూ తిరిగి, చీనమ్మ పునాదికి సరిపోయే పిల్లలను కొలిచి పేర్లు పంపుతోందనే దాకా పెరిగింది.

మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో ఇరవై మంది చేరారు. వాళ్లలో ఆమెకు గది కిరాయికిచ్చిన ఇంటాయన కూడా ఉన్నాడు. పొద్దు గూకేలోపల ఖాళీ చెయ్యాలన్నాడు. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. తిట్టలేదు, ఏడవలేదు. వచ్చీరాని మాటల్లో ఒక్కటే చెప్పింది.

"పతా ఇదే. చిట్టీ ఇక్కడికే వస్తది. నేను పోతే, అమ్మ యాడుందో పాపకు తెల్వది."

నేను మా నాయనమ్మ చీర చాటున నక్కి ఉన్నాను. నాయనమ్మ నా చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"నిన్ను కొలిసిందా?"

"కొలిసింది."

"సచ్చినవా?"

"లే."

నాయనమ్మ ఇంటాయన వైపు తిరిగింది. "మొన్న దర్జీ నీ కొడుకును కొలిసిండు. ఏ పునాదిల వెట్టిండు?"

"అది వేరే పెద్దమ్మా. దర్జీ మనోడు."

"నీ లాగు పొట్టిగ కుట్టిననాడు మనోడు అనకపోతివి."

నలుగురు నవ్వారు గానీ ఎవరూ కదల్లేదు. నాయనమ్మ గడప దాటి లోపలికి వెళ్లింది. ఆ గదిలోకి మా వాడ మనిషి ఎవరైనా అడుగు పెట్టడం అదే మొదటిసారి అనుకుంటాను, నేను తప్ప. వెళ్తూ గడప మీది చీనమ్మను ఏం అడిగిందో, సైగలతో అడిగిందో మాటలతోనో తెలియదు. రేకు పెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చినప్పుడు నాయనమ్మ చేతుల మీద ఆడపిల్ల గౌన్లు ఉన్నాయి. ఒకదాని కంటే ఒకటి వేలి మందం పొడుగు. అన్నిటికంటే పొడుగుది నా మీదికి విసిరి తొడుక్కోమంది. ఇంతమందిలో వద్దని బతిమాలాను.

"నీ నోటితోని షురువైంది," అంది. "నీ ఒంటితోనే ఒడువాలె."

నీలం గౌను, తెల్లపూలు, మెడ దాకా గుండీలు. అచ్చంగా నా కొలతే. తోటి పిల్లలు పడీ పడీ నవ్వారు. పెద్దవాళ్లూ నవ్వారు. 

చీనమ్మ నవ్వలేదు. గడప మీద నుంచి లేచి వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పై గుండీ పెట్టింది. భుజాల దగ్గర గుడ్డ సవరించింది. అంచు పట్టుకుని, మోకాలి కిందికి ఎంత దిగిందో చూసింది. నన్ను మెల్లగా ఇటు తిప్పింది, అటు తిప్పింది. చూస్తున్నది నన్ను కాదు. నా ఈడుదైన ఎనిమిదేళ్ల కూతురు ఎంత ఎత్తు పెరిగి ఉంటుందో ఆ తల్లి మొదటిసారి చూసుకుంటోంది. నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలియదు. వాకిట్లో ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటాయన, మిషన్ చప్పుడు జెర తక్కువ చెయ్యమని చెప్పు అని మా నాయనమ్మతో గొణిగి, వెళ్లిపోయాడు.

గది నిలిచింది. వానాకాలం పోయాక ఆ చిరునామాకే చిట్టీ వచ్చింది. ఆ తర్వాత ఊరు దాటడానికి కాగితమూ వచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి చీనమ్మ రేకు పెట్టెతో బస్సెక్కి వెళ్లిపోయింది. తప్పయిందని ఆమెతో ఒక్క మాట అనలేదు నేను.

ఈ మధ్య బీరంగూడలో మా కాలనీ వాళ్ల ఫోన్లలో ఒక ఫోటో తిరిగింది. ఫ్యాక్టరీ పనికి ఒడిశా నుంచి వచ్చిన ఒక ఆడమనిషి రోజూ పార్కులో మన పిల్లలను చూస్తూ కూర్చుంటోంది, జాగ్రత్త అని కింద రాశారు. ఎంత ధైర్యం వీళ్లకు, ముఖం తెలియని మనిషి మీద ఇంత మాట రాయడానికి. చూపించింది నా మనవడే.

"ఆమెను ఎవలన్న అడిగిండ్రారా?" అన్నాను.

"ఏమడుగుతరు తాతా?"

"పిల్లలెందరని."

వాడికి నవ్వొచ్చింది. మా నాయనమ్మ దగ్గర నేను నేర్చుకున్నది పెద్దదేమీ కాదు. ఒక మనిషి గురించి చెడ్డగా విన్నప్పుడు ముందు ఆ మనిషి దగ్గరికి నడిచి వెళ్లాలి. అంతే. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. అయినా చెప్పులు వేసుకున్నాను.