ఇరవయ్యారు మాటలు ఎక్కిన లారీ

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. ఈగని చూసి గద్ద అంటాను, చినుకు పడితే తుపాను అంటాను. మా ఆవిడ నా మాట వినేటప్పుడే మనసులో సగానికి తగ్గించుకుని, ఆ సగంలో మళ్ళీ సగం తీసేసి, మిగిలింది పక్కింటావిణ్ణి అడిగి నిర్ధారించుకుంటుంది. మీరూ అలాగే చదువుకోండి.

మా అమ్మాయి ఏడో తరగతి. ఈ వేసవిలో వాళ్ళ ఇంగ్లీషు టీచరు సెలవుల్లో చెయ్యమని ఒక పని ఇచ్చారు. ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలూ అదే వరసలో ఉన్న ఇంగ్లీషు మాటలు ముప్పై తేవాలి. ఫోన్లో చూడకూడదు, మనుషుల్నే అడగాలి. మాట ఇచ్చినవాళ్ళ చేత పక్కనే సంతకం పెట్టించాలి. స్కూలు తెరిచిన రోజు ఎవరి పుస్తకం ఎక్కువ నిండితే వాళ్ళు ప్రార్థన దగ్గర మైకులో చదువుతారు.

మా పిల్ల నోట్లోంచి మాట రావాలంటే బోరు వెయ్యాలి. చుట్టాలొస్తే బీరువా వెనక్కి వెళ్ళిపోతుంది. వాళ్ళు కాఫీ తాగి, ఊరెళ్ళి, ఉత్తరం రాసినా బయటికి రాదు. అలాంటిది ఆ రోజు నా చొక్కా పట్టుకుని, "నాన్నా, ఆ మైకులో నేనే చదవాలి" అంది. పుట్టిన పన్నెండేళ్ళకి పిల్ల అడిగిన మొదటి కోరిక, అదీ నాకు చేతకాని చోట.

ఆ నాలుగక్షరాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక మాటలో "అఫ్" అని దగ్గుతాయి, ఇంకో మాటలో "ఓ" అని ఆవులిస్తాయి, మరోచోట ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాయి. నేను మామిడికాయల వ్యాపారిని. నూజివీడులో రసం కాయ ఢిల్లీ వెళ్ళినా రసమే. అక్షరం కూడా అలా ఒక మాట మీద ఉండాలనుకునేవాణ్ణి. వెంటనే "ఎనఫ్" ఇచ్చి, రిజిస్ట్రారాఫీసులో పెట్టినంత పెద్ద సంతకం పెట్టాను. ఎనఫ్ అంటే చాలు. నా ఇంగ్లీషు అక్కడితో చాలింది.

అప్పుడు మా అమ్మాయి పుస్తకం పట్టుకుని సైకిలెక్కింది. మందుల షాపాయన దగ్గుమందు సీసా వంక చూసి "కాఫ్" ఇచ్చాడు. బేకరీవాడు పిండి చేత్తోనే "డో" అని సంతకం పెడితే ఆ పేజీ బిస్కెట్టులా పెళుసెక్కింది. ట్రాక్టరాయన "ప్లౌ" ఇచ్చాడు. గుడి పూజారిగారు హారతి పళ్ళెం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, "థాట్ రాసుకో తల్లీ, ఆలోచన" అన్నారు. ఆయన సంతకం మీద కుంకుమ మరక. విస్సన్నపేటలో రిటైరైన హెడ్మాస్టరుగారి దగ్గరికి నేనే బండి మీద తీసుకెళ్ళాను. ఆయన ఇచ్చిన మాట "స్లఫ్" అట, పాము కుబుసం విడవటమట. ఆ మాట విని ఊళ్ళో ఇంగ్లీషు మీడియం వాళ్ళందరూ మూడు రోజులు అన్నం మానేశారు.

ఇరవయ్యారయ్యాయి. బీరువా వెనక పిల్ల నాతో కలిపి ఇరవయ్యారుగురితో మాట్లాడింది! పెళ్ళిలో చదివింపులు రాసినట్టు ఎవరేది ఇచ్చారో వరసగా రాసుకుంది.

స్కూలు రెండ్రోజుల్లో తెరుస్తారనగా, కాటా దగ్గర తూకం వేసే ఆయన్ని మాట అడుగుదామని మా షెడ్డుకొచ్చింది. ఆయన "రఫ్ రాసుకోమ్మా" అన్నాడు. అది ముందే వచ్చేసింది. ఆ నిరాశలో పుస్తకం అక్కడే పాత పేపర్ల కట్ట మీద పెట్టి ఇంటికెళ్ళిపోయింది.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. చెక్కపెట్టెలో కింద వరిగడ్డి, దాని మీద కాగితం, ఆపైన కాయ. సీజన్లో మా షెడ్డులో కాగితం కనిపిస్తే అది ఎవరిదీ కాదు, పెట్టెది. పెళ్ళి శుభలేఖలూ, కరెంటు బిల్లులూ, ఒకసారి నా జాతకం కూడా కాయల కింద పడి ఊళ్ళు తిరిగొచ్చాయి. ఆ రోజుకి అదే ఆఖరి లోడు. లారీ బయట హారన్ కొడుతోంది. కాగితం అయిపోయింది. మా ప్యాకింగు మేస్త్రీకి చదువు రాదు. చేతికందిన పుస్తకాన్ని రెండుగా చీల్చి, పేజీలు పరిచి, మేకులు కొట్టేశాడు.

అట్ట ఒక్కటే మిగిలింది. దాని మీద మా అమ్మాయి పేరు చూసేసరికి లారీ వెళ్ళి అరగంట. బండి తీశాను. హనుమాన్ జంక్షన్ దాకా నా చక్రాలు రోడ్డుకి తగల్లేదు. టీ కొట్టు ముందు లారీ ఆగి ఉంది. మూడంతస్తుల మేడంత లోడు, మీద పట్టా, పట్టా మీద ఓడలు కట్టే తాళ్ళు.

"ఆపవయ్యా! మా పిల్ల పుస్తకం పెట్టెలోకెళ్ళింది!"

డ్రైవరు టీ చప్పరించాడు. "ఏ పెట్టెండీ?"

"అదే తెలిస్తే ఇంకేంటి?"

"నాలుగొందల పెట్టెలండీ. విప్పి రోడ్డు మీద పోస్తే కాయ కమిలిపోద్ది. మీ కాయే, మీ ఇష్టం."

"వద్దులే."

"ఏం పుస్తకమండీ?"

"ఇంగ్లీషు మాటలు."

"ఓస్! మాటలే కదండీ, ఇంకోచోట దొరక్కపోవు. రండి, టీ తాగండి."

తాగాను. లారీ హైవే ఎక్కి వెళ్ళిపోతుంటే, చెయ్యి ఊపాలో, ఏడవాలో తెలీక, గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చి, మేస్త్రీ చింపేశాడని చెప్పాను. మా అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకునేవాణ్ణి.

"రేపొక్క రోజుంది కదమ్మా, మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్దాం" అన్నాను.

"ఒకసారి అడిగాను కదా నాన్నా. మళ్ళీ అంటే నాకు సిగ్గు."

కొత్త పుస్తకంలో ఇరవయ్యారూ గుర్తు తెచ్చుకుని రాసింది. సంతకాలు లేవు. టీచరుగారు చూసి, బాగా రాశావని తల నిమిరి, సంతకాలున్న ఇంకో పిల్లకి మైకు ఇచ్చారు. ఆ పిల్లవి పందొమ్మిది మాటలు. నేను గేటు బయట నిలబడి అన్నీ విన్నాను.

ఇక ఇందులో కోతలెన్నో మీకు తెలిసిపోయే ఉంటుంది. లారీ మామూలు లారీయే. విస్సన్నపేట మాట విని ఎవరూ అన్నం మానలేదు. అవన్నీ ఉన్నదానికి కాస్త గాలి కొట్టినవి. లేనిది కల్పించింది ఒకటే. మేస్త్రీ ఆ పుస్తకం ముట్టుకోలేదు. ఆయన ఆ వేళ అన్నానికెళ్ళాడు. లారీవాడు తొందర పెడుతుంటే పెట్టె ముందు గొంతుక్కూర్చుని చీల్చింది నేను. ఎనఫ్ అని నేను పెట్టిన సంతకం కూడా నా చేత్తోనే గడ్డి మీద పరిచాను, చూసుకోలేదు.

లారీ వెళ్ళిన మర్నాడు షెడ్డులో పిల్ల నిలదీస్తే, మేస్త్రీ నా మొహం వంక ఒకసారి చూసి, "అవునమ్మాయిగారూ, కళ్ళు సరిగా ఆనట్లేదు, నాదే తప్పు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఏదైనా అనొచ్చు. కాయలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. అప్పట్నుంచీ మా అమ్మాయి ఆయనతో మాట్లాడటం లేదు. ఆయన మాత్రం పిల్ల కనిపిస్తే లేచి నిలబడుతున్నాడు.

రోజూ చెప్పేద్దామనే కూర్చోబెడతాను. నోరు విప్పితే కోతలే వస్తాయి. అందుకని ఇంతవరకూ రాసి, ఒక కాపీ తన బల్ల మీద పెట్టి, షెడ్డుకి వచ్చి కూర్చున్నాను. ఈపాటికి చదివేసి ఉంటుంది. ఇంకా ఫోను రాలేదు.