మోతికి పది రోజుల పడక

ముప్పై ఏళ్లుగా పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే, మనం చెప్పేది ఎవరూ వినరు. విన్నట్టు తల మాత్రం ఊపుతారు. ఆ తల ఊపడం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు లింగం కూడా బాగానే తల ఊపాడు.

ఆయనది కొండాపూర్ పక్క పల్లె. మూడెకరాలు, జత ఎడ్లు ఉండేవి. ఎడ్లు పోయాక భూమి కౌలుకిచ్చి, భార్య నర్సింహమ్మతో చిట్కుల్‌లో కిరాయి గదికి వచ్చాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ. అక్కడ కుర్చీ ఉంది గానీ మేనేజరు కంటపడేలా కూర్చోకూడదట. అరవై దగ్గరపడ్డ మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. ఊరి నుంచి వెంట వచ్చింది కుక్క ఒక్కటే. దాని పేరు మోతి.

మూడేళ్ల మగకుక్క. ఆడకుక్క వాసన తగిలితే చాలు, గొలుసు తెంపుకుని హైవే దాటి ఇస్నాపూర్ వైపు ఉరికేది. ఒకసారి లారీ తగిలి వెనక కాలు విరిగితే కట్టు కట్టింది నేనే. కట్టు విప్పిన వారానికే మళ్లీ రోడ్డెక్కింది.

“ఈసారి పోతే పానమే పోతది సారూ. నేను డ్యూటీల ఉంటే దీన్ని ఎవలు పట్టుకుంటరు? ఏదన్న జేయుండ్రి,” అన్నాడు లింగం.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ తిరుగుడు చాలావరకు తగ్గుతుందని చెప్పాను. నర్సింహమ్మకు ఒకటే బెంగ.

“పిరికిదైతదా సారూ? ఇంటికాడ మొరుగుతదా?”

“మొరుగుడు ఏడికీ పోదమ్మా. ఆకలి జెర పెరుగుతది. చూసి పెట్టు, లేకుంటే గోలెం లెక్క అయితది.”

ఆపరేషన్ రోజు కడుపు ఖాళీగా తీసుకురమ్మంటే అలాగే తెచ్చారు. డాక్టరమ్మ నాగేశ్వరి త్వరగానే పని ముగించింది. మత్తు దిగని మోతిని ఆటోలో పడుకోబెడుతూ జాగ్రత్తలు నేను చెప్పాను. బయట రెండు మేకలు, ఒక బర్రె, వాటి తాలూకు మనుషులు కాచుకుని ఉన్నారు. పది రోజులు ఒంటికి నీళ్లు పోయొద్దు, మెడకున్న గరాటు తీస్తే కుట్లు నాకుతది, తీయొద్దు, ఉరకనియ్యొద్దు, గోలీలు రెండు పూటలు, పాత బుద్ధి పోవాలంటే నెలన్నర పడుతది. అంతా ఒక్క గుక్కలో అప్పజెప్పాను. రోజూ చదివే పాఠం, చదువుతుంటే నాకే వినబడదు.

ఐదో రోజు ఆటో మళ్లీ వచ్చింది. కుట్ల కింద తిత్తి బత్తాయంత వాచి, నెత్తురు కారుతోంది. మోతి కూర్చోలేక, నిలబడలేక వణుకుతోంది. నాకు కోపం నషాళానికెక్కింది.

“ఉరికిచ్చినవా?”

“లేదు సారూ. నడిపిచ్చిన, అంతే. డ్యూటీకి పొయ్యేముంగట ఒకసారి, వచ్చినంక ఒకసారి. చెరువు కట్ట దాకా.”

“తన మోకాళ్లు గుంజుతున్నయనుకుంటనే తిప్పిండు సారూ. ఒక్క పూట ఆపలే,” అంది నర్సింహమ్మ.

“ఎవడు జెప్పిండు నడిపియ్యమని?”

లింగం నా ముఖంలోకి చూశాడు. దెప్పడానికి కాదు, నిజంగా అర్థంగాకనే.

“మీరే జెప్పిండ్రు గద సారూ. మా కోడెలకు విత్తులు కొట్టిననాడు. రెండు పూటల నడిపియ్యకుంటే వాపు దిగదంటిరి.”

నిజమే. చెప్పాను. ఇరవై ఏళ్ల కింద స్కూటర్ మీద ఇనుప పట్టకారు వేసుకుని ఊరూరా తిరుగుతూ ప్రతి రైతుకూ అదే చెప్పాను. కోడెకు కోత ఉండదు, కుట్లు ఉండవు, పట్టకారుతో పైనుంచి విత్తుల నరం నొక్కడమే. దానికి నడక మంచిది. కుక్కకు కోసి కుడతాం. నడిపిస్తే కుట్లు లాగి లోపల నెత్తురు చేరుతుంది. ఆటో దగ్గర ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు తీరిక లేకపోయింది. నా మాట ఎవరూ వినరని తిట్టుకునే నేను, ఇరవై ఏళ్లు నా మాట దాచుకున్న మనిషి ముందు నిలబడ్డాను. చాలా సిగ్గేసింది.

డాక్టరమ్మ చేరిన నెత్తురు తీసి మళ్లీ కుట్టింది. చీము పడితే ప్రాణానికి హామీ లేదంది. ఈసారి నేను లింగం పక్కన కూర్చుని నిదానంగా చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

“దాన్ని పట్టుకొని ఎవలన్న కూసోవాలె గద మరి,” అన్నాడు లింగం. పది రోజులు డ్యూటీ మానేశాడు. గేటుకు ఇంకో మనిషిని పెట్టుకుంటారని తెలిసే మానేశాడు.

మళ్లీ కుట్టిన ఏడో రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక చిట్కుల్ వెళ్లాను. తలుపు తీసే ఉంది. చాప మీద గరాటు పెట్టుకున్న మోతి, దాని పక్కన లింగం నిద్రపోతున్నారు. గొలుసు కొస ఆయన మణికట్టుకు చుట్టి ఉంది. వీధిలో కుక్కలు మొరిగితే మోతి తల ఎత్తింది. లింగం కళ్లు తెరవకుండానే దాని వీపు మీద చెయ్యి వేశాడు. అది మళ్లీ పడుకుంది.

వంగి చూశాను. వాపు దిగింది, కుట్లు ఆరాయి.

“బతికిందన్నా,” అన్నాను.

లింగం కళ్లు తెరిచాడు కానీ లేవలేదు. పైకప్పు రేకులను చూస్తూనే అన్నాడు.

“మా ఎడ్లకు గూడ నొప్పి ఉండె గద సారూ. వాపు దిగిందో లేదో నాగలికి కట్టిన. పది రోజులు గిట్ల పండుకోనిస్తే ఏమైతుండె?”

ఎద్దుకు నడకే మేలన్న జవాబు నా దగ్గర ఉంది. దాన్ని పక్కన పెట్టి, చెప్పులు విడిచి నేనూ ఆ చాప అంచున కూర్చున్నాను.