రెండు చెవులకూ ఒకే గాటు

ఈ మాట ఇరవై ఐదేళ్ళు నోట్లోనే పెట్టుకున్నాను. నారాయణఖేడ్‌లో నన్ను ఎరిగినవాళ్ళకు సగం కథ తెలుసు. ‘బీరప్ప గాడిదకు రంగు పూసి ఫోటో తీయించిండు’ అనే సగం. ఆ సగం అబద్ధం. దాన్ని అబద్ధమని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు. మిగతా సగం ఇవాళ చెప్తున్నాను. నా కళ్ళ మీద ఒట్టు. ఫోటోలు తీసి బతికినవాడికి అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

తొంభైలు ముగుస్తున్న రోజులు. బస్టాండ్ దగ్గర నాకు చిన్న స్టూడియో. పట్నం నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చాను. అందులో ఫోటోలను కోసి అతికించే సాఫ్ట్‌వేర్ ఉండేది. పెళ్ళి ఫోటోల వెనక మంచుకొండలు పెట్టడం నా పని. పని లేనప్పుడు జంతువులు. బర్రెకు కోడి తల. మేకకు నెమలి తోక. ఎంత వెతికినా అతుకు దొరికేది కాదు. ఆ పనిలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు, ఆ మాట ఇప్పుడూ అంటాను. బాగా కుదిరినవి స్టూడియో అద్దానికి అతికించేవాణ్ణి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు.

ఒక సాయంత్రం ఒకాయన నవ్వలేదు.

భుజాన గొంగడి, చేతిలో కట్టె. పేరు బీరప్ప. నాగల్‌గిద్ద అవతల ఒక ఊళ్ళో పదిమంది గొర్రెలను కలిపి కాస్తాడు. కోడితల బర్రెను చాలాసేపు చూసి లోపలికి వచ్చాడు.

“లేనిదాన్ని గింత మంచిగ చూపెడ్తున్నవ్ గదా బిడ్డా. ఉన్నదాన్ని చూపెట్టవా?”

“ఏంది కాకా?”

“మందల ఏడు గొర్రెలు పోయినయ్. రాత్రి ఒకటొచ్చి ఎత్కపోతున్నది. నా కండ్లతోని చూసిన. ఊరోళ్ళు నమ్ముతలేరు. నేనే కటికాయనకు అమ్ముకున్ననంటుండ్రు. ఎల్లుండి పంచాయితీ. నోటితోని చెప్తే నవ్వుతుండ్రు. బొమ్మ జేసియ్యి. గిసుంటిది అని చూపెడ్త.”

“ఏం జంతువది?”

“కత్తెకిరుబ.”

కన్నడ మాట. ఆ సరిహద్దు ఊళ్ళలో రెండు భాషలూ కలిసే నడుస్తాయి. కత్తె అంటే గాడిద, అది నాకు తెలుసు. కిరుబ తెలియదు. అడగొచ్చు. అడగలేదు. తెలియదని ఒప్పుకోవడం ఆ వయసులో నాకు రాదు. గాడిద జాతి ఏదో అనుకున్నాను. ముందట ఎత్తు, ఎనక పొట్టి, పెయ్యంతా చారలు, మెడ మీద జూలు, కుక్క మూతి అని ఆయన చెప్తూ పోయాడు. నేను తలూపుతూ పోయాను. కత్తెకిరుబ అంటే మన దుమ్ములగొండే, హైనా, అని చాలా ఏళ్ళకు తెలిసింది. గాడిదతో దానికి పేరు తప్ప ఏ చుట్టరికమూ లేదు.

కరెంటు రాత్రి పదయ్యాకే నిలకడగా ఉండేది. షట్టర్ సగం దించి కూర్చున్నాను. బస్టాండ్ వెనక మేసే గాడిద ఫోటో నా దగ్గరుంది. ఒళ్ళు దానిది. మూతి వీధికుక్కది. చారలు పిల్లివి. నడుము వెనక భాగాన్ని కిందికి కుదించాను. ఒక్కటే చిక్కు. ఆ ఫోటోలో ఎడమ చెవి వాలిపోయి ఉంది. కుడిది నిలబడి ఉంది గానీ దాని అంచున గాటు. వేలు దూరేంత. ఆ చెవినే కోసి, అటు తిప్పి, ఎడమ పక్కన అతికించాను. రెండు చెవులకూ ఒకేచోట ఒకే గాటు వచ్చింది. నవ్వుకున్నాను. చెవులెవరు చూస్తారు... వదిలేశాను.

ఇది గుర్తుపెట్టుకోండి. అలాంటి చెవులు నా తెర మీద తప్ప ఎక్కడా లేవు.

బొమ్మను కంప్యూటర్లో దాచుకున్నానో లేదో, కరెంటు పోయింది. కంప్యూటర్ కింద బ్యాటరీ కూయడం మొదలుపెట్టింది. కుయ్... కుయ్... ఆర్పేశాను. కూత ఆగింది.

అప్పుడు వినబడింది.

టక్... టక్... జర్ర్...

రెండు అడుగులు. ఒక ఈడ్పు. మళ్ళీ... టక్... టక్... జర్ర్...

గాడిదే వచ్చిందనుకున్నాను. భయం లేదు. రాత్రిళ్ళు ఒంటరిగా పనిచేసే అలవాటు నాది. కానీ వాసన... నానబెట్టిన పచ్చితోలు వాసన. చప్పుడు సరిగ్గా షట్టర్ ముందు ఆగింది.

షట్టర్ కింద మోకాలెత్తు సందు. వంగి చూశాను. వెన్నెల ఉంది. నాలుగు కాళ్ళు. ముందువి పొడుగు. వెనకవి పొట్టి. గిట్టలు లేవు. కుక్కకున్నట్టు పంజాలు. మెత్తటి పంజాలు.

మరి ఆ టక్ టక్ ఎక్కడిది?

కాళ్ళు కదిలాయి. నేను తల బయటపెట్టాను. ఎందుకు పెట్టానో అడగకండి. టార్చి వేశాను. పది అడుగుల దూరంలో ఉంది. వీపు నా వైపు. చారలు. మెడ మీద జూలు లేచింది... మెల్లగా... గాలి లేదు. తల తిప్పలేదు. చెవులు మాత్రం నా వైపు తిరిగాయి. ముందు కుడిది. తర్వాత... ఎడమది.

రెండింటికీ గాటు. ఒకేచోట.

నా అతుకు నేను గుర్తుపట్టనా?

అప్పుడు నవ్వింది. నవ్వు అనే అనాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకుంటున్న మనిషి నవ్వు. తర్వాత మనూర్ రోడ్డు పట్టుకుని పోయింది. తొందరేమీ లేదు దానికి.

తెల్లారేదాకా షట్టర్ ఎత్తలేదు.

మొదటి బస్సుకే బీరప్ప వచ్చాడు. బొమ్మ ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన బొటనవేలు మూతి మీద ఆగలేదు, చారల మీద ఆగలేదు. చెవుల మీద ఆగింది. తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

“ఇగ నాకు భయం లేదు బిడ్డా.”

ఎందుకన్నాడో అర్థం కాలేదు. రాత్రి చూసింది ఆయనకు చెప్పలేదు. నా బొమ్మకు నేనే జడిశానని నవ్వుతాడేమోనని.

పంచాయితీ అయిన మర్నాడు ఆ ఊరి పెద్దమనుషులు ఇద్దరు బొమ్మ పట్టుకుని వచ్చారు. వెనక బీరప్ప.

“గిది గాడిదే గదా? రంగు పూసి నిలవెట్టిండ్రు. ఫోటో నువ్వే దీసినవా?”

చేసింది నేనంటే దొంగ ఫోటోల స్టూడియో అని పేరు పడుతుంది. ముందర పెళ్ళిళ్ళున్నాయి. రాత్రి చూశానంటే పిచ్చోడంటారు.

“నాకేం ఎరక. రీలు ఆయనే తెచ్చిండు. నేను కడిగిచ్చిన, అంతే.”

ఆ అబద్ధం కూడా అతుకు కనబడకుండానే కుదిరింది.

“ఏమయ్యా బీరప్పా, మమ్ముల గాడిదలనుకున్నవా?” అన్నాడొకాయన. రెండో ఆయన పగలబడి నవ్వాడు. బీరప్ప నన్ను చూస్తూ నిలబడ్డాడు.

మంద ఆయన చేతిలోంచి తీసేసుకున్నారు. దొంగ అన్నారు. ‘గాడిద బీరప్ప’ అని పేరు పెట్టారు. భార్యను తీసుకుని పట్నం మట్టిపనికి పోయాడు. ఆ వారమే అద్దం మీది బొమ్మలన్నీ పీకేశాను. మళ్ళీ జంతువులను కలపలేదు.

పోయిన ఎండాకాలం ఆయన ఊరికి తిరిగొచ్చాడని విన్నాను. వెళ్ళాను. ఇంటి ముందు మంచంలో కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది.

“కాకా... నేను, స్టూడియో నర్సింలును.”

“ఎరుకే. కూసో.”

అంతా చెప్పాను. ఆ రాత్రి సంగతి కూడా. అడ్డు రాకుండా విన్నాడు.

“రీలు సంగతి పోనియ్. ఒక్కటి చెప్పు. దాని రెండు చెవులు తెగి ఉన్నయని నేను నీకు చెప్పలే. ఎట్ల పెట్టినవ్?”

గాడిద చెవినే అటు తిప్పి అతికించానన్నాను.

“బొమ్మల చెవులు చూసినంక, నువ్వు గూడ దాన్ని చూసినవనుకున్న బిడ్డా. నాకు సాక్షి దొరికిండనుకున్న.”

“చూసిన కాకా. కానీ బొమ్మ జేసినంక చూసిన. జేసేటప్పుడు చూడలే.”

చెవులు తెగిన దుమ్ములగొండి ఒకటి నిజంగానే ఉండి, నా చెయ్యి అనుకోకుండా దాన్నే చేసిందా? ఆ టక్ టక్ మాటేమిటి? ఎన్ని రకాలుగా అతికించినా ఈ ఒక్కటి నాకు అతకదు. చూసింది మాత్రం చూశాను.

“తప్పయింది కాకా” అన్నాను.

“నాకు జెప్తె ఏమొస్తది? నవ్వినోళ్ళకు జెప్పు.”

చెయ్యి పట్టుకుని లేపాను. పంచాయితీ ఆఫీసు అరుగు మీద పదిమంది కూర్చుని ఉన్నారు. అప్పటి పెద్దమనుషుల్లో ఒకాయన మిగిలాడు, తక్కినవాళ్ళు కొడుకులు, మనవలు. బీరప్పను చూసి ఎవరో ‘గాడిద...’ అని మొదలుపెట్టి ఆపాడు.

నేను చెప్పులు విడిచి నిలబడ్డాను.

“గాడిదకు ఎవ్వలూ రంగు పుయ్యలే. గా బొమ్మ జేసింది నేను. రీలు తెచ్చిండని అబద్ధం జెప్పింది నేను. గొర్రెలను ఎత్కపోయినదాన్ని బీరప్ప చూసిండు. నేను గూడ చూసిన. చూసి, చూడలేదన్న. కాకా... గీళ్ళందరి ముంగట అంటున్న. తప్పయింది. నన్ను మన్నించు.”