మావయ్యా, కొంచెం ఆగండి

నాకు పెళ్ళయిన రెండో నెలలో మా గోడౌన్‌కి సరుకు తెచ్చే ట్రాన్స్‌పోర్టు మారింది. కొత్తవాళ్ళ మొదటి లారీ గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. కేబిన్‌లోంచి దిగిన మనిషిని చూసి, నోట్లో ఉన్న టీ మింగడం మర్చిపోయాను. ఆయన మా మావయ్య. వరసకి మావయ్య కాదు, పిల్లనిచ్చిన మావ.

ఆయన లారీ డ్రైవరని తెలిసే సంబంధం చేసుకున్నాం. బొబ్బిలిలో ఇల్లు, ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గుర్నీ ఆ స్టీరింగు మీదే చదివించాడు. అంత వరకూ నాకు గౌరవమే. ఆ లారీ తోలుకుంటూ ఒకరోజు నా ముందుకే వస్తాడని మాత్రం అనుకోలేదు.

గజపతినగరం రోడ్డులో ఉన్న ఆ గోడౌన్‌లో సరుకు దించుకునే పని నాది. సబ్బులు, బిస్కెట్లు, ఫినాయిలు, ఇలా కిరాణా కొట్లకి వెళ్ళేవన్నీ ముందు మా దగ్గరే దిగుతాయి. పెట్టెలు బాగుంటే తీసుకోవాలి, పాడైతే తిప్పి పంపాలి. డ్రైవర్లకీ మాకూ ప్రేమ అంతంతమాత్రం. వాళ్ళు తొందరగా దించమంటారు, మేం చూసుకుని దించుతామంటాం. వాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటారు, మేం వాళ్ళని తిట్టుకుంటాం, ఆ తర్వాత కలిసి టీ తాగుతాం. ఇందులో పిల్లనిచ్చిన మావని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

అసలు చిక్కు లారీని వెనక్కి తెప్పించడంలో వచ్చింది. మా ప్లాట్‌ఫారం ఒక మూలకి ఉంటుంది. అది కట్టినవాడు లారీని బొమ్మలో తప్ప చూసి ఉండడని డ్రైవర్లు అంటారు. వెనక ఒక మనిషి నిలబడి కేకలెయ్యకపోతే బండి ఆనించలేరు. ఇదివరకు క్లీనర్లు వేసేవారు. ఇప్పుడు క్లీనర్లేరీ, అందరూ ఒంటరి డ్రైవర్లే. కాబట్టి ఆ కేకలూ నా ఉద్యోగంలో భాగమే. ఆ భాషకి మర్యాదలుండవు. "రానీ, రానీ, రానీ... లెఫ్ట్ కొట్టు... ఆపు!" అంతే. కలెక్టరు తోలుకొచ్చినా "ఆపు" అనే అనాలి.

నేను లారీ వెనక నిలబడ్డాను. పక్క అద్దంలో మావయ్య కళ్ళు కనిపించాయి.

"రండి మావయ్యా," అన్నాను. "రండి... రండి... కొంచెం ఎడం పక్కకి తిప్పుకోండి... ఆ, రండి... మావయ్యా, కొంచెం ఆగండి..."

"మావయ్యా, కొంచెం ఆగండి" అని పూర్తిగా పలికేలోపు లారీ మూరెడు దూరం పోతుందని నాకు ఆరోజే తెలిసింది. షట్టరు పక్క స్తంభానికి తగిలింది. సిమెంటు పెచ్చు ఊడి కిందపడింది, లారీ వెనక కమ్మీ వంగింది.

సరుకు దించే కళాసీలకి ఒక మేస్త్రి ఉన్నాడు. గోడౌన్‌కి తలుపులు పెట్టక ముందు నుంచీ ఉన్నానంటాడు. నోట్లో బీడీ తీసి నా వైపు చూశాడు.

"ఏటి బాబూ, బండిని ఆపతన్నావా, బోయినానికి పిలస్తన్నావా?"

మావయ్య దిగి వంగిన కమ్మీని తడిమాడు. "పర్నేదు బాబూ," అన్నాడు. వెనక ఇంకెవడైనా నిలబడి ఉంటే వాడి వంశం మొత్తాన్ని పేరుపేరునా తలుచుకునేవాడు. అల్లుణ్ణి కావడం వల్ల అదంతా గొంతులోనే మింగేశాడు. 

ఇబ్బంది ఆయనకీ ఉంది. అందరి ముందూ నన్ను సారు అనాలా, బాబు అనాలా? రెండూ కలిపి "సారుబాబూ" అని పిలవడం మొదలుపెట్టాడు. లోడు దిగాక కేబిన్‌లోంచి క్యారేజి తీసి, అత్తయ్య పంపిన చేపల పులుసు నా బల్ల మీద పెట్టేవాడు. కొత్త అల్లుడికి జరగాల్సిన మర్యాద గోడౌన్‌లో జరిగిపోయేది. వెనక వరసలో ఎదురుచూస్తున్న డ్రైవర్లు ఊరుకుంటారా? "ఇక్కడ లోడు బేగి దిగాలంటే పిల్లనివ్వాల్రా," అని ఒకడన్నాడు. ఆ మాట రాయగడ దాకా పాకిందని మేస్త్రి నాకు చెప్పాడు.

అదే వారంలో మావయ్య లారీలో ఫినాయిలు కారింది. ఎక్కడో లోడు ఎక్కించినవాళ్ళు బిస్కెట్ల మీద ఫినాయిలు పెట్టెలు పేర్చారు. గతుకులకి సీసాలు పగిలాయి. టార్పాలిన్ తియ్యగానే గోడౌనంతా ఆసుపత్రి వాసన. మేస్త్రి, కళాసీలు, మిగతా డ్రైవర్లు, అందరూ నా మొహమే చూస్తున్నారు.

"మావయ్యా, బిస్కెట్లు తీసుకోలేను."

"వాసన పైపైనే బాబూ. అట్టపెట్టికి అంటుకున్నాది. లోపల ప్లాస్టిక్ కవరు ఉన్నాది కదా, ఏటీ అవ్వదు."

"తిప్పి పంపాలి మావయ్యా."

"అల్లుడు నా లోడు తిప్పీసినాడని ట్రాన్స్‌పోర్టోళ్ళకి ఎలగ సెప్పను?"

"అల్లుడని చెప్పకండి. గోడౌన్ అని చెప్పండి."

ఆయన టార్పాలిన్ మళ్ళీ కప్పాడు. తాడు బిగించి కట్టి వెళ్ళిపోయాడు. ఎంత గట్టిగా బిగించాడంటే, ఆ తాడు స్థానంలో నేనున్నానేమో అనిపించింది.

నేను ఇంటికి చేరేసరికి ఆయన మా ఇంటికి వచ్చి వెళ్ళిపోయాడు. మా ఆవిడ టీ తెచ్చింది. పక్కన పళ్ళెంలో బిస్కెట్లు.

"తిను. సిరిగిన పెట్టిలోంచి మా నాన్న ఇచ్చి ఎళ్ళాడు. బాగున్నాయో లేదో నువ్వే సెప్పు."

ఒకటి నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే కడిగిన బాత్‌రూం గచ్చు నాకినట్టుంది.

"వాసన వస్తోంది," అన్నాను.

"ఏదీ?" అని తనొకటి కొరికింది. కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. కానీ తను వాళ్ళ నాన్న కూతురు. నమిలి, మింగి, "ఏటీ నేదు," అంది. నా కళ్ళలోకి చూస్తూ రెండోది కూడా తిన్నది. తర్వాత లోపలికి వెళ్ళి గటగటా నీళ్ళు తాగిన చప్పుడు వినిపించింది. మిగిలినవి పక్కింటి కోళ్ళకి వేస్తే, అవి దగ్గరికొచ్చి, తల ఓ పక్కకి వంచి చూసి, పక్కకి పోయాయి. మేమిద్దరం ఆ సంగతి చూడనట్టే ఉన్నాం.

ఆ తర్వాత మావయ్య మామూలుగానే లోడు తెచ్చేవాడు గానీ, క్యారేజి ఆగిపోయింది. "సారుబాబు"లో బాబు ఊడిపోయి ఒట్టి "సార్" మిగిలింది. బండిని వెనక్కి తెప్పించే పని మేస్త్రి లాక్కున్నాడు. "నువ్వు తప్పుకో బాబూ. నువ్వలగ పిలస్తా ఉంటే ఉన్న నాలుగు స్తంబాలూ పోతాయి," అన్నాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం. ముందు రోజు దించిన సబ్బు పొడి సంచొకటి చినిగి, యార్డులో పొడి పడి ఉంది. దాని మీద వాన పడి నేలంతా నురగ. మావయ్య లారీ వెనక్కి వస్తోంది. వెనక మేస్త్రి "రానీ, రానీ" అంటున్నాడు. నేను ప్లాట్‌ఫారం మీదున్నాను. ఉన్నట్టుండి మేస్త్రి కేక ఆగిపోయింది. చూద్దును కదా, కాలు జారి వెనక చక్రానికి సూటిగా వెల్లకిలా పడి ఉన్నాడు. అద్దంలో ఆ చోటు కనపడదు. లారీ వస్తూనే ఉంది.

"ఒరే! ఆపరా! ఆపరా ఎదవా!"

ఆ గొంతు నాదేనని తెలియడానికి నాకే కొంచెం సేపు పట్టింది. లారీ కీచుమని ఆగింది.

 మావయ్య దూకి వెనక్కి పరిగెత్తాడు. చక్రానికీ మేస్త్రి కాలికీ మధ్య జానెడు జాగా ఉంది. ఆయన్ని చంకల కింద పట్టి లేపి, లుంగీకి అంటిన నురగ దులిపాడు. మేస్త్రి చక్రాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"దీన్నంటారు బాబూ, ఆపడమని," అన్నాడు.

మావయ్య నా దగ్గరికి వచ్చాడు.  "మావయ్యా, నేను..." అన్నాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. బాటిల్‌లో సగం నీళ్ళు తాగి, మిగతా సగం నాకిచ్చాడు.

"నీ నోట్లో ఇంత ఉన్నాదని తెల్లేదురా," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి వాళ్ళ నాన్న ఫోను నాకంటే ముందు చేరింది.

"మా నాన్నని ఒరే అన్నావంట?" అంది మా ఆవిడ.

"అన్నాను."

"ఎదవా అన్నావంట?"

"అదీ అన్నాను."

తను కంచం నా ముందు పెట్టింది. "ఆ మేస్త్రికి ఏటీ అవలేదు కదా?"

"లేదు."

"అయితే ఈసారికి ఒగ్గేస్తన్నాను," అని అన్నం వడ్డించింది.

ఆ ఆదివారం బొబ్బిలిలో అత్తవారింటికి వెళ్ళి, వాళ్ళతో పాటు చర్చికి వెళ్ళాం. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని పాస్టరుగారు అడిగారు. మావయ్య లేచి నిలబడ్డాడు. మైకు పట్టుకోవడం ఆయనకదే మొదటిసారని అత్తయ్య తర్వాత చెప్పింది. 

"బండి ఎనక మనిషి పడిపోనాడు. నాకు కనపళ్ళేదు," అన్నాడు మావయ్య. "దేవుడు నా అల్లుడి నోటిని వాడుకున్నాడు. నా అల్లుడు సదువుకున్నోడు. కాలు కుట్టిన సీమని కూడా అండీ అంటాడు. అలాటోడి నోటంట ఆ యేళ ఏటొచ్చిందో తెలుసా?"

అందరూ తలలెత్తారు. పాస్టరుగారు కుర్చీలో ముందుకి వంగారు.

"ఒరే ఆపరా, ఎదవన్నర ఎదవా! అన్నాడు," అని మావయ్య మైకులో, నా గొంతు పెట్టి మరీ అరిచాడు.

"అన్నర" ఆయన సొంతం. నేనన్నది ఉత్త ఎదవే.  తర్వాత వెనక చాప మీంచి ఒక ముసలమ్మ, "దేవునికి స్తోత్రం," అంది. "స్తోత్రం!" అని అందరూ అందుకున్నారు. నేను చాప అల్లికే చూస్తూ కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు మా ఆవిడ ముసుగు మొహం మీదికి లాక్కుని భుజాలు కుదిపేసేలా నవ్వుతోంది.

బయటికొచ్చాక, ఆలస్యంగా వచ్చినవాళ్ళని చెట్టు కింద నిలబెట్టి మావయ్య మళ్ళీ మొదట్నుంచీ చెబుతున్నాడు. ఈసారి నేను తిట్టిన తిట్లు ఇంకా పెరిగాయి. అందులో ఒకటి నేను జన్మలో విననిది. వెళ్ళి అడ్డుపడదామని రెండడుగులు వేశాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"సెప్పుకోనీ," అంది.