ఆమె పేరు మీద ఇచ్చిన పరీక్ష

మంగళవారం మధ్యాహ్నం మా చర్చిలో స్త్రీల కూడికలో వాక్యం చెప్పేది నేనే. పద్దెనిమిదేళ్ల పాటు అంతే. నాగాయలంక దగ్గర మా ఊళ్లో నా మాటకున్న విలువ నాకు తెలుసు. తెలిసే ఆ పని చేశాను.

పోయిన ఏడాది గుడివాడలోని ఒక ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. ఆడవాళ్లకు వచ్చే కాన్సర్లను అవి రాకముందే పసిగట్టే పరీక్షట. మెత్తటి పుల్లతో ఎవరికి వారే ఇంట్లో గర్భసంచి ద్వారం దగ్గరి తడి తీసుకుని, చిన్న గొట్టంలో పెట్టి ఇవ్వాలి. పుట్టుకతో వచ్చిన జన్యువులు అలాగే ఉంటాయి గానీ, వయసూ తిండీ ఒంటి మీద పడ్డ కష్టమూ వాటి మీద గుర్తులు వేస్తూ పోతాయట. ఆ గుర్తులు చూస్తే రాబోయే ముప్పు ఎంతో అంచనా వేయవచ్చని, ముందే తెలిస్తే కాచుకుని ఉండవచ్చని ఆమె చెప్పింది. మా సంఘంలో పదిమంది పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికి నంబరు వేసిన డబ్బా ఇచ్చింది. నేను పేరు ఇవ్వలేదు.

తర్వాతి కూడికలో, రేపటిని ముందుగా తెలుసుకోవాలనుకోవడం సోదె అడగడంతో సమానమని చెప్పాను. సోదె అడగవద్దన్న ఆజ్ఞ అందరికీ కంఠతా వచ్చు. నేనే నేర్పాను. వెనక వరసలోంచి చేపలమ్ముకునే ఒకామె లేచింది.

"తుఫానొచ్చిద్దని టీవీలో చెబితే పడవలు ఒడ్డుకు లాగుతాం కదండీ అక్కయ్యగారూ. అదీ సోదేనా?"

కొందరు నవ్వారు. విశ్వాసం తగ్గినచోటే ఇలాంటి ప్రశ్నలు పుడతాయన్నాను. ఆమె తల దించుకుని కూర్చుంది. నర్సమ్మకు తిరిగిచ్చేయమని సాయంత్రానికి పది డబ్బాలూ మా వరండాలో పెట్టి వెళ్లారు. ఆమెదీ వాటిలోనే.

మా అమ్మ యాభై దాటకుండానే గర్భసంచి కాన్సర్‌తో బందరు ఆసుపత్రిలో పోయింది. ఆ సంగతి కూడికలో ఎన్నడూ చెప్పలేదు. మూడు రోజులు ఆ డబ్బాల చుట్టూ తిరిగాను. నాలుగో రోజు తలుపు గడియ పెట్టి ఒకటి విప్పాను. చేతికి అందింది చేపలామెది. నర్సమ్మ వచ్చినప్పుడు నా గొట్టంతో పాటు తొమ్మిది ఖాళీ డబ్బాలు ఇచ్చి, చేపలామె ఒక్కతే ఒప్పుకుందని చెప్పాను. డబ్బాలన్నీ నా ద్వారానే వెళ్లాయి గనుక ఫలితమూ నాకే వస్తుందనుకున్నాను.

ఫోను చేపలామెకు వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే మా మెట్ల మీద గంప దించి కూర్చుంది. గుర్తులు ఎక్కువగా ఉన్నాయని, ఇంకా పరీక్షలు చేయాలని, గుడివాడ రమ్మన్నారట. తను ఇవ్వనేలేదు కదా, ఎలా వచ్చిందని అడిగింది. జవాబు కూడా తనే వెతుక్కుంది. తను భయపడి వెనక్కి తగ్గినా దేవుడు వదలకుండా హెచ్చరించాడేమో. తన ఇద్దరు ఆడపిల్లలను ఎవరి చేతుల్లో పెట్టాలో నన్ను ప్రార్థనలో అడగమంది.

అవునమ్మా అనడానికి నోరు తెరిచాను. దాచను, తెరిచాను.

"అది నీది కాదమ్మా. నాది," అన్నాను. మిగిలినదంతా చెప్పాను.

ఆమె కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ప్రాణం కుదుటపడ్డ ఏడుపది. భుజం మీద చెయ్యి వేసే అర్హత నాకు లేకపోయింది. కాసేపటికి మొహం తుడుచుకుంది.

"అంటే సోదె మీరడిగి, పేరు నాది చెప్పారన్న మాట." గంప ఎత్తుకుంటూ అంది, "ఇవి అమ్మేసొస్తాను. పది గంటల బస్సుకు వెళ్దాం. ఆ నంబరు ఎవరిదో మీ నోటితోనే చెప్పాలి."

పామర్రులో బస్సు మారాం. ఆసుపత్రిలో నేను చెప్పింది విని నర్సమ్మ రిజిస్టరులో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాసింది. పరీక్షలు చేసి, జబ్బు ఇంకా రాలేదని, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజే చేపలామె తన పరీక్ష తను ఇచ్చింది. తిరిగి వస్తుంటే, నర్సమ్మ దగ్గర అడిగి తెచ్చిన తొమ్మిది కొత్త డబ్బాలు నా ఒళ్లో పెట్టింది.

"వెనక్కి తెప్పించింది మీరు. ఇవ్వాల్సిందీ మీరే."

మంగళవారం కూడికలో సాక్ష్యాల సమయంలో లేచి, అమ్మ సంగతితో మొదలుపెట్టి అంతా చెప్పాను. వాక్యం చెప్పే పని మానుకున్నాను. తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. ఎనిమిదిమంది తీసుకున్నారు. ఒకామె మాత్రం డబ్బాను ముట్టుకోలేదు. అప్పుడు నేను చెప్పిందే నిజమట. మారింది నా మనసే గాని వాక్యం కాదట. నేను నేర్పిన గొంతుతోనే, నేను ఆగేచోట ఆగుతూ, ఆ ఆజ్ఞ నాకు అప్పజెప్పింది.

ఆ డబ్బా ఇంకా నా సంచిలోనే ఉంది. కూడికకు వెళ్లేటప్పుడు ప్రతి మంగళవారం ఆమె గుమ్మం ముందు ఆగుతున్నాను.