సావిడిలో ఉక్కు గెడ

అనకాపల్లిలో మా ముత్తాతగారు వచ్చి తన టేకు కుర్చీలో కూర్చుంటేగాని బెల్లం వేలం మొదలయ్యేది కాదు. మా తాతగారి ఎదుట చెప్పులతో నడిచినవాళ్ళు లేరు. నేను మాత్రం విశాఖలో సరదాకి పోల్ డ్యాన్స్ నేర్చుకుంటూ, కమిలిన చేతులతో పాసింజరు బండిలో ఇంటికి వస్తున్నాను. నెలలు గడిచినా ఆ ఉక్కు గెడ సగం కూడా ఎక్కలేకపోయాను. ఇక మానేద్దామని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను.

ఎదురుగా కూర్చున్న ఆవిడ నా మోచేతులు, పాదాలు పరకాయించి చూసింది.

"మీ ఆయన గాని కొట్టేడేటి?"

"నన్ను కొట్టే మగాడు పుట్టలేదు. గెడ ఎక్కి డ్యాన్సు నేర్చుకుంటున్నాను," అన్నాను, నోరు మూసుకుంటుందని.

ఆవిడ పకపకా నవ్వింది. "నువ్వు బెల్లం దొరగారి ఇంటి పిల్లవి కదేటి? అదే ముక్కు, అదే పొగరు. మీ వాకిట్లో మా అయ్య ఎండలో నిలబడీవోడు. ఇప్పుడు నువ్వు గెడెక్కుతన్నావా?"

"ఎక్కుతాను. నీకేం?"

"నాకేటి. రేపో ఎల్లుండో మానేత్తావు. మీ ఇంట్లో పట్టిన పని సివరంటా సేసినోడు ఒక్కడూ లేడు. అందుకే ఉన్నదంతా పోయి అలాగైపోయేరు."

కిటికీ వైపు తిరిగాను. స్టేషనులో దిగేటప్పుడు ఆవిడకు దారి కూడా ఇవ్వలేదు.

ఆ తర్వాత క్లాసు మానాలనిపించినప్పుడల్లా ఆ నవ్వు గుర్తొచ్చేది. ఆ కోపంతోనే ఎక్కేదాన్ని. ఏడాది తిరిగేసరికి గెడ పైన తలకిందులుగా నిలవగలిగాను. ఆవిణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

ఇంటి సావిడిలో సాధనకు సొంత గెడ కొనవలసి వచ్చినప్పుడు, ముత్తాతగారి టేకు కుర్చీని అమ్మేశాను.